ఆవులు వెనక్కి నడిచిన దారి: గ్రీకు దేవుళ్ళ బొమ్మల డైరీ

రోజు 1

ఎన్నాళ్ళ నుంచో వాయిదా వేస్తూ వచ్చిన పని, ఇవాళ్టికి కూర్చున్నా. గ్రీకు దేవుళ్ళ కథలు నాలుగు, కథకి నాలుగేసి బొమ్మలు, మొత్తం 16. పక్కన నాలుగైదు లైన్ల కథ తెలుగులో నేనే రాసుకుంటా. మా అక్క కూతురికి తొమ్మిదో పుట్టినరోజు కానుక ఇది, ఇంకా మూడు నెలలుంది కాబట్టి టైము బోలెడు అనుకుంటున్నా (ఈ లైను తర్వాత చదివి నవ్వుకుంటానేమో). పగలంతా యాప్ స్క్రీన్లు డిజైన్ చేసే ఉద్యోగం, రాత్రి తొమ్మిదిన్నరకి గిన్నెలు సర్దేశాక డైనింగ్ టేబుల్ నాది.

కథలేంటంటే, పుట్టిన రోజే అన్నగారి ఆవుల్ని కొట్టేసిన హెర్మీస్, కూతురి కోసం దివిటీలు పట్టుకుని లోకమంతా తిరిగిన డెమీటర్, కొండ మీంచి విసిరేస్తే కమ్మరి అయి తిరిగొచ్చిన హెఫైస్టస్, ఓడ దొంగల్ని డాల్ఫిన్లు చేసేసిన డయోనిసస్. ట్రాయ్ యుద్ధం జోలికి పోలేదు, అన్ని కవచాలు, అన్ని గుర్రాలు గీసే ఓపిక లేదు. హెఫైస్టస్ కథ తప్ప మిగతా మూడూ ప్రాచీన గ్రీకు కవి హోమర్ పేరు మీద చలామణీ అయ్యే స్తోత్రాల్లో ఉన్నాయి. హోమరే రాశాడని ఇప్పుడెవరూ అనరు గానీ పేరు అలా ఉండిపోయింది. స్తోత్రం అంటే మన అష్టోత్తరం టైపు అనుకునేరు, కాదు, అందులో పెద్దవి పూర్తి కథలే, హెర్మీస్‌ది అయితే పక్కా కామెడీ.

మొదటి స్కెచ్ జియుస్‌ది వేశా. వేసి చూసుకుంటే సినిమాలో ఇంద్రుడు. చెయ్యి తనంతట తనే కిరీటం పెట్టేసింది, భుజకీర్తులు కూడా తగిలించింది, పైగా ఓ చెయ్యి అభయహస్తం! చిన్నప్పుడు పిల్లల పత్రికల్లో పౌరాణిక బొమ్మలు చూసి చూసి, "దేవుడు" అనుకోగానే పెన్సిలు అటే పోతుంది. చించలేదు, ఫైల్లో పెట్టా.

ఇంకో సంగతి, పేరు. "జ్యూస్" అని రాస్తే మా బుడ్డది "బత్తాయా, దానిమ్మా?" అని అడుగుతుంది, గ్యారంటీ. అందుకే జియుస్ అని ఫిక్స్ అయ్యా. నిజానికి ఈ పేరు మనకి మరీ పరాయిది కాదు, వేదంలో ద్యౌస్ పిత ఉన్నాడే, ఆకాశం తండ్రి, ఆ మాటా గ్రీకుల జియుస్ పతేర్ అన్న మాటా ఒకే పాత వేరు నుంచి వచ్చినవి. మన దగ్గర ద్యౌస్‌ని ఎవరూ పట్టించుకోకుండా పక్కకి వెళ్ళిపోయాడు, అక్కడేమో ఆయనే రాజు.

రోజు 4

రెండో ప్రయత్నం ఇంకా ఘోరం. కిరీటాలు తీసేసి, నెట్‌లో కనిపించే పాలరాతి విగ్రహాలు చూసి గీశా, తెల్లటి ఒళ్ళు, కండలు, కళ్ళల్లో నల్లగుడ్లు లేకుండా. నాలుగు బొమ్మలు పక్క పక్కన పెడితే జిమ్ పోస్టర్‌లా ఉంది. ఎవరు జియుస్, ఎవరు సముద్రాన్నేలే పోసైడన్, ఎవరు పాతాళాన్నేలే హేడీస్ అంటే ముగ్గురికీ అదే గడ్డం. ముగ్గురూ అన్నదమ్ములే అనుకోండి, అయినా సరే.

అసలు ఆ తెలుపే అబద్ధం. ఆ విగ్రహాలకి అప్పట్లో రంగులు ఉండేవి, ఎరుపు, నీలం, పసుపు, బట్టల మీద బోర్డర్లతో సహా, రెండు వేల ఏళ్ళ ఎండకీ మట్టికీ పోయాయి అంతే. బ్రింక్‌మన్ అనే జర్మన్ ఆయన, ఆయన టీము మిగిలిన రంగు జాడల్ని అతినీలలోహిత కాంతిలో చూసి, రంగులేసిన నకళ్ళు చేయించి 2003లో మ్యూనిక్‌లో ప్రదర్శన పెడితే చాలామంది "ఛీ ఇదేంటి రంగులు ఇంత ఎబ్బెట్టుగా" అన్నారట. మనకైతే ఏమీ అనిపించదు, గోపురం మీద బొమ్మలు చూసి పెరిగినవాళ్ళం కదా.

కాబట్టి విగ్రహాలు బంద్. కుండల దగ్గరికి పోతున్నా.

రోజు 6

కుండలంటే ఏథెన్స్ వాళ్ళు క్రీ.పూ. ఆరో శతాబ్దంలో చేసినవి, ఎర్రమట్టి మీద నల్ల బొమ్మలు. ఇవి చూడ్డం మొదలుపెట్టాక నాకు అర్థమైన మొదటి సంగతి, వాళ్ళు మొహం మీద అస్సలు టైము పెట్టలేదు. దాదాపు అందరికీ ఒకే పక్క చూపు, మగవాళ్ళకి గుండ్రటి కన్ను, ఆడవాళ్ళకి బాదం కన్ను, అంతే. దేవుణ్ణి గుర్తుపట్టేది చేతిలో వస్తువు బట్టి. త్రిశూలం లాంటిది ఉంటే పోసైడన్, గుడ్లగూబో పాముల అంచున్న మేకతోలు కవచమో ఉంటే ఎథీనా, పటకారు ఉంటే హెఫైస్టస్, ద్రాక్షతీగ ఉంటే డయోనిసస్. ఇది మనకి కొత్తా? శంఖచక్రాలు తీసేస్తే విష్ణువుని ఎలా గుర్తుపడతాం! నేను నాలుగు రోజులు మొహాలతో కుస్తీ పట్టడం శుద్ధ దండగ.

ఈ వస్తువుల్లో ఓ తిరకాసు ఉంది. హెర్మీస్ చేతి కర్రకి రెండు పాములు చుట్టుకుని ఉంటాయి, వైద్యం దేవుడు అస్క్లీపియస్ కర్రకి ఒక్కటే పాము. డాక్టర్ల కార్ల మీద స్టిక్కర్లు చూడండి, చాలావాటి మీద రెండు పాములూ రెక్కలూ ఉంటాయి, అంటే అది వర్తకులకీ, ప్రయాణికులకీ, దొంగలకీ దేవుడైన హెర్మీస్ కర్ర అన్నమాట. 1902లో అమెరికా సైన్యం వైద్య విభాగం ఆ రెండు పాముల గుర్తు పెట్టుకుంది, అయోమయం బాగా పాకింది అప్పట్నుంచే. మా ఫ్యామిలీ డాక్టరుగారికి చెప్పాలా వద్దా అని ఆలోచిస్తున్నా.

రోజు 9

టెక్నిక్ గురించి. ఆ నలుపు రంగు కాదు, అది కూడా మట్టే. మెత్తగా తేర్చిన బంకమట్టి నీళ్ళతో బొమ్మ పూసి, బట్టీలో ముందు గాలి ఆడనిచ్చి కాలుస్తారు, తర్వాత గాలి మూసేసి పచ్చికట్టెలు వేస్తారు, అప్పుడు కుండంతా నల్లబడుతుంది, మళ్ళీ గాలి వదిలితే కుండ ఎర్రగా తిరిగొస్తుంది కానీ బొమ్మ పూసిన చోట మట్టి గాజులా బిగిసిపోయి ఉంటుంది కాబట్టి అది నల్లగానే ఉండిపోతుంది. ఒకే మట్టి, రెండు రంగులు. కాల్చే ముందే సూది లాంటి దానితో గీకి జుట్టూ, బట్ట మడతలూ, కండరాలూ తెస్తారు. ఆడవాళ్ళ ఒంటికి మాత్రం పైన తెలుపు పూస్తారు.

నాకు బట్టీ లేదు, కాబట్టి కాగితం మీద అదే ఎఫెక్ట్ రావాలి. ఏ3 సైజు 300 జీఎస్ఎం షీట్ మీద ఇటుకరంగు పోస్టర్ కలర్ వేసి, ఆరాక పైన నల్ల ఇంకు వేసి సూదితో గీకా. ఇటుకరంగుతో పాటు కాగితం కూడా పొరలు పొరలుగా లేచొచ్చింది. హెర్మీస్ ముక్కు ఉండాల్సిన చోట తెల్ల చిల్లు. రెండో షీట్ కూడా అంతే.

తర్వాత గుర్తొచ్చింది, స్కూల్లో డ్రాయింగ్ సార్ చేయించేవారు, కింద ఆయిల్ పేస్టల్, పైన నలుపు. అదే చేశా. ఆయిల్ పేస్టల్ ఇటుకరంగూ కొంచెం ఆరెంజూ కలిపి గట్టిగా రుద్ది, టిష్యూతో సాపు చేసి, పైన నల్ల ఇంకు పూస్తే... జిడ్డు మీద నీళ్ళలా చుక్కలు చుక్కలుగా విడిపోయింది! దీనికి మందు అంట్లు తోమే లిక్విడ్. అరమూత నల్ల పోస్టర్ కలర్‌లో ఒక్క చుక్క, అంతకంటే వద్దు, రెండు చుక్కలు వేస్తే నురగ వచ్చి బుడగలు ఆరి గుంటలు పడతాయి (వేసి చూశా). పూసే ముందు పేస్టల్ మీద కాస్త టాల్కం పౌడర్ రాసి దులిపేస్తే ఇంకా బాగా పట్టింది. రాత్రంతా ఆరనిచ్చి పొద్దున్న దబ్బనంతో గీకితే కింద ఇటుకరంగు గీత సన్నగా, శుభ్రంగా వచ్చింది. ఆ గీత వచ్చినప్పుడు కలిగే ఆనందం నేను చెప్పలేను, ఆఫీసు కాల్‌లో మ్యూట్ పెట్టి మరీ గీకుతూ కూర్చున్నా.

రోజు 13

హెర్మీస్ మొదటి బొమ్మ. కైలీనీ కొండ గుహలో తల్లి మాయా దగ్గర పుట్టాడు, తెల్లారి పుట్టి మధ్యాహ్నానికి లైర్ (వీణ లాంటి తీగల వాయిద్యం) వాయించి సాయంత్రానికి ఆవుల్ని దొంగిలించాడు, స్తోత్రంలో ఉన్న టైంటేబుల్ ఇది. మరి పొద్దున్న వాణ్ణి ఎక్కడ పడుకోబెట్టాలి? నేను ఆలోచించకుండా ఉయ్యాల గీసేశా, దూలానికి చీర కట్టినట్టు. తర్వాత అనుమానం వచ్చి అనువాదం పక్కన గ్రీకు మాట చూస్తే "లిక్నాన్" అని ఉంది. లిక్నాన్ అంటే ఏంటా అని వెతికితే ధాన్యం చెరిగే బుట్ట, ఒకవైపు అంచు ఎత్తుగా, రెండో వైపు తెరిచి ఉంటుంది.

అంటే చేట!

పసిపిల్లని చేటలో పడుకోబెట్టడం మా ఇంట్లో కూడా ఉంది, మా అక్క కూతురి బారసాల రోజు కొత్త చేటలో బియ్యం పోసి, పైన మెత్తటి పాతచీర పరిచి పడుకోబెట్టిన ఫోటో ఇప్పటికీ అమ్మ బీరువాలో ఉంది. ఆ ఫోటో అడిగి తెప్పించుకుని దాన్ని చూసే హెర్మీస్‌ని గీశా. చేట అల్లిక దబ్బనంతో గీకడానికి భలే కుదిరింది, అడ్డం నిలువు అడ్డం నిలువు, ఓ గంటన్నర పట్టింది. వాటికన్‌లో ఉన్న ఒక కప్పు మీద కూడా హెర్మీస్ ఇలాగే చేట లాంటి దాంట్లో పొత్తిళ్ళతో కూర్చుని ఉంటాడు, నెత్తిన మాత్రం ప్రయాణికుల టోపీ, చుట్టూ ఆవులు, ఏమీ ఎరగనట్టు మొహం. బ్రైగోస్ పెయింటర్ అని పిలుస్తారు ఆ చిత్రకారుణ్ణి. నేనూ టోపీ పెట్టేశా. లేకపోతే ఏ పిల్లాడో ఎలా తెలుస్తుంది?

రోజు 17

తాబేలు గోల. గుహ గుమ్మం దగ్గర గడ్డి మేస్తున్న తాబేలు కనపడగానే హెర్మీస్ దాన్ని లోపలికి తెచ్చి, చంపి, డొప్పకి రెల్లు పుల్లలు బిగించి, ఆవు తోలు పరిచి, రెండు కొమ్ములూ ఒక అడ్డకర్రా పెట్టి, గొర్రె పేగు తీగలు ఏడు కట్టి లైర్ చేస్తాడు. ప్రపంచంలో మొదటి లైర్ అదే అని కథ.

నేను గీసిన తాబేలు చాలా అందంగా వచ్చింది, డొప్ప మీద ప్రతి గడిలో నక్షత్రం. తీరా చూస్తే అది మన నక్షత్ర తాబేలు! ఇండియా, శ్రీలంక, పాకిస్తాన్ వైపు ఉండేది, గ్రీసులో దానికేం పని. గ్రీసులో ఉండేవాటిలో ఒకదానికి డొప్ప వెనక అంచు లంగా కుచ్చిళ్ళలా బయటికి విచ్చుకుని ఉంటుంది, దాన్నే తీసుకున్నా. నక్షత్రాలు చెరపడం కుదరదు (నలుపు మళ్ళీ పూస్తే మచ్చ తెలుస్తుంది), షీట్ మొత్తం మళ్ళీ. ఆరు గంటల పని పోయింది.

చంపే ఘట్టం బొమ్మలో పెట్టలేదు. వాడు దాన్ని రెండు చేతుల్తో ఎత్తుకుని ఎదురెదురుగా చూసుకుంటున్నట్టు గీశా, వాడు నవ్వుతున్నాడు, తాబేలు నవ్వట్లేదు. చాలు.

రోజు 22

ఇక అసలు బొమ్మ, ఆవుల దొంగతనం. దీని మీదే నా ఆశంతా.

కథలో ఏముందంటే, అన్న అపోలో మంద నుంచి యాభై ఆవుల్ని వేరు చేసి ఇసక నేల మీదుగా తోలతాడు, కానీ వెనక్కి నడిపిస్తాడు, ముందు గిట్టలు వెనక, వెనక గిట్టలు ముందు అయ్యేలా. తనేమో పొలుసుల్లాంటి సన్నాకుల టామరిస్క్ చెట్టు కొమ్మలూ, మిర్టిల్ పొద కొమ్మలూ కలిపి అల్లి చెప్పుల్లా కట్టుకుంటాడు. తెల్లారాక అపోలో వచ్చి చూస్తే ఆవుల అడుగులు దొంగ పోయిన వైపు కాకుండా తిరిగి మేత మైదానం వైపే పోతున్నాయి. ఇంకో రకం అడుగులు కూడా ఉన్నాయి, అవి మగవాడివీ కాదు ఆడదానివీ కాదు, తోడేలువీ కాదు, ఎలుగువీ కాదు, సింహానివీ కాదు. అపోలో అంత పెద్ద జోస్యం దేవుడు, ఇసకలో ముద్రలు చూసి బుర్ర గోక్కుంటాడు.

అంటే ఈ బొమ్మలో హీరో హెర్మీస్ కాదు, ఆవులూ కాదు, నేల మీద ఆ ముద్రలు. మరి ఆవు గిట్ట ముద్రకి ముందేది, వెనకేది? ఇన్నేళ్ళు ఆవుల్ని చూస్తున్నా, నాకు తెలీదు! నెట్‌లో ఫోటోలు ఏ దిక్కున తీశారో చెప్పరు. పొద్దున్నే మా వీధి చివర పాలాయన పాక దగ్గరికి వెళ్ళా.

"ఏమ్మా, పాలకా?" అన్నాడు.

"కాదు బాబాయ్, ఆవు అడుగులు ఫోటో తీసుకోవాలి."

ఆయన ఓ క్షణం చూసి, "పూజకా?" అన్నాడు.

కాదు బొమ్మలకి, ఒకడు ఆవుల్ని వెనక్కి నడిపించి దొంగిలిస్తాడు అని చెబితే చాలాసేపు నవ్వి, తర్వాత సీరియస్‌గా, "వెనక్కి ఒక్క ఆవుని నాలుగడుగులు వేయించమ్మా చూద్దాం, యాభయ్యా? దేవుడైతే తప్ప కుదరదు" అన్నాడు. గిట్ట చీలిక రెండు ముక్కలూ ముందు వైపు సన్నగా మొనదేలి ఉంటాయి, మడమ వైపు గుండ్రంగా వెడల్పుగా, అని తడిమట్టిలో చూపించింది కూడా ఆయనే. మామూలు నడకలో వెనక కాలు దాదాపు ముందు కాలు పడ్డ చోటే పడుతుంది, అందుకే ముద్రలు ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉంటాయి. ఇరవై ఫోటోలు తీసుకుని, ఓ లీటరు పాలు కూడా కొనుక్కుని వచ్చా, ఉత్తచేతుల్తో రాలేక.

రోజు 25

యాభై ఆవులు ఏ3లో పడతాయా? పడవు. కుండల వాళ్ళ చిట్కా వాడుకున్నా. నాలుగు గుర్రాల రథం గీయాలంటే వాళ్ళు నాలుగు గుర్రాలు గీయరు, ఒక గుర్రం గీసి దాని అంచు వెంబడే గీత, గీత, గీత, కాళ్ళు మాత్రం లెక్కగా. నేనూ ముందు వరస ఆరు ఆవులు పూర్తిగా గీసి వెనక కొమ్ములూ మూపురాలూ గీతలుగా... ఆగండి, మూపురాలు! గ్రీకు ఆవులకి మూపురం ఉండదు. పాలాయన ఆవులవి ఎక్కించేశా నేను. అదృష్టం కొద్దీ ఇంకా పెన్సిల్లోనే ఉంది. చెరిపేసి వీపులు చదును చేసి, కొమ్ములు నిటారుగా చేశా. మందలో ఎద్దు ఒకటీ, కుక్కలు నాలుగూ వెనక ఉండిపోయాయని కథలో ఉంది, అవి మూలన చిన్నగా, కుక్కలు నిద్రపోతున్నట్టు. (కుక్కలు ఎందుకు మొరగలేదో స్తోత్రం చెప్పదు, అపోలో మాత్రం అదే వింత అంటాడు.)

ముద్రలు 118 గీకా. ఒక్కోటి రెండు గీతలు. వేలు బొబ్బెక్కింది.

రోజు 31

స్కానర్ గ్లాసు మీద బొమ్మ బోర్లించా. ఆయిల్ పేస్టల్ ఎప్పటికీ పూర్తిగా ఆరదు అన్న సంగతి తెలుసు, తెలిసి కూడా పెట్టా. తీస్తే గ్లాసు మీద ఇటుకరంగు ఆవు. బొమ్మ మీద రెండు కొమ్ములు చెదిరాయి. ఇకనుంచి నాలుగంచులా మందం అట్టముక్కలు పెట్టి ఫోనుతో కాదు, కెమెరాతో, కిటికీ పక్క వెలుగులో ఫోటో తీస్తా.

మనసు పాడై కూర్చుంటే ఫ్రాన్స్వా కలశం గుర్తొచ్చింది. ఫ్లోరెన్స్ మ్యూజియంలో ఉంటుంది, క్రీ.పూ. 570 ప్రాంతంది, 66 సెంటీమీటర్ల ఎత్తు, మీద రెండు వందలకు పైగా బొమ్మలు. చేసినవాడు ఎర్గోటిమోస్, గీసినవాడు క్లైటియాస్, ఇద్దరూ సంతకం పెట్టారు. 1900లో ఆ మ్యూజియం కాపలామనిషి కోపంలో స్టూలు తీసి విసిరితే 638 ముక్కలైంది. కూర్చుని అతికారు. నావి రెండు కొమ్ములు. సర్లే అనుకుని దబ్బనం తీశా.

ఆ కలశం ఇంకో ఐడియా ఇచ్చింది. దాని మీద చాలామంది మనుషుల పక్కన పేరు రాసి ఉంటుంది, అది సరే, నీళ్ళ బిందె పక్కన "బిందె" అని, కూర్చునే అరుగు పక్కన "ఆసనం" అని, ఊటబావి దగ్గర "ఊట" అని కూడా రాశాడు క్లైటియాస్! కొత్తగా చదువుకున్నవాడి సంబరంలా ఉంది. నేనూ అంతే చేస్తా. బొమ్మ కింద పేరు టైపు చేయడం మానేసి, దబ్బనంతోనే తెలుగులో, మనుషుల పక్కన గాల్లో తేలుతున్నట్టు: హెర్మీస్, మాయా, చేట, తాబేలు, ఆవు, ఆవు, ఆవు. మన అక్షరాలు గుండ్రం కదా, గీకడానికి కష్టమే, "ఖ", "ఘ" రాని పేర్లు ఎంచుకున్నందుకు నన్ను నేను మెచ్చుకున్నా.

రోజు 38

నాలుగో బొమ్మ, దొంగ దొరికిపోవడం. హెర్మీస్ తాళం కన్నంలోంచి పొగమంచులా లోపలికి దూరి, చేటలో పొత్తిళ్ళు కప్పుకుని, లైర్ చంకలో దాచుకుని పడుకుంటాడు. అపోలో వచ్చి గుహంతా వెతికి వాణ్ణి ఎత్తుకుంటాడు. ఎత్తుకోగానే వీడు పిత్తుతాడు, వెంటనే తుమ్ముతాడు. నేను కల్పించింది కాదు, స్తోత్రంలోనే ఉంది, పైగా కవి దాన్ని "శకునం" అనే మాటతోనే చెబుతాడు. అపోలో శకునాల దేవుడు కదా, అందుకని! తుమ్ముకి ఆగి కాళ్ళు కడుక్కుని బయల్దేరే మనకి ఈ జోకు విడమర్చి చెప్పక్కర్లేదు. అపోలో వాణ్ణి టక్కున కింద పడేస్తాడు, ఆ తర్వాత ఈ శకునాలతోనే ఆవులు దొరుకుతాయి పద అంటాడు.

గాలి గీయడం ఎలా? మూడు వంకర గీతలు గీకా, పక్కన అలవాటు ప్రకారం పేరు: "శకునం". ఈ ప్రాజెక్టులో నాకు ఎక్కువ నచ్చిన బొమ్మ ఇదే అని చెప్పుకోవడానికి కొంచెం సిగ్గుగా ఉంది.

చివర్లో జియుస్ నవ్వేస్తాడు, అన్నదమ్ములు రాజీ పడతారు, లైర్ అపోలోకి, ఆవుల కాపలా హెర్మీస్‌కి. అది రాతలో చెప్పేశా.

రోజు 47

డెమీటర్ కథ మొదలు. ఇక్కడ కామెడీ లేదు.

డెమీటర్ కూతురు పెర్సెఫొనీని హేడీస్ రథంలో పాతాళానికి ఎత్తుకుపోవడం పెద్ద పెద్ద చిత్రకారులంతా గీశారు, గాల్లో చేతులు, చెదిరిన బట్టలు, అరుపు. తొమ్మిదేళ్ళ పిల్ల పుస్తకంలో నాకు అది అక్కర్లేదు. స్తోత్రంలో దానికి ముందు క్షణం ఉంది, అమ్మాయి పూలు కోస్తూ ఒక నార్సిసస్ దగ్గర ఆగుతుంది, ఒకే వేరు నుంచి వంద పూలు, రెండు చేతులూ చాపుతుంది. అప్పుడే నేల విచ్చుకుంటుంది. నేను చేతులు చాపేదాకే గీశా, నేల మీద పొదకి అడుగున ఒక్క సన్నగీత. చూసేవాళ్ళు చూస్తారు.

రెండోది దివిటీలతో డెమీటర్, తొమ్మిది రోజులు అన్నం నీళ్ళు లేకుండా, స్నానం లేకుండా. మూడోది ఎలూసిస్‌లో బావి దగ్గర ముసలమ్మ వేషంలో కూర్చోవడం, నీళ్ళకొచ్చిన రాజుగారి నలుగురు కూతుళ్ళు కంచు బిందెలతో. అమ్మాయిలు వాళ్ళమ్మని అడిగొచ్చి, మళ్ళీ ఆవిడ కోసం పరిగెత్తుకొస్తారు, కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని, జుట్టు భుజాల మీద ఎగురుతూ. ఆ పరుగు గీయడం మొత్తం వారంలో హాయైన పని. కూతుర్ని పోగొట్టుకున్న తల్లి ఎదురుగా నలుగురు కూతుళ్ళు పరిగెత్తుకుంటూ వస్తున్నారు. ఇది గీస్తున్నప్పుడు తట్టింది, ముందు చదివినప్పుడు తట్టలేదు.

నాలుగోది దానిమ్మ, పాతాళంలో పెర్సెఫొనీ తిన్నది, అది తిన్నందుకే ఏటా కొన్నాళ్ళు కింద ఉండాల్సి వస్తుంది. ఎన్ని గింజలు? నేను ఆరు అని విన్నా, ఆరు నెలలు కింద, ఆరు నెలలు పైన అని. స్తోత్రంలో ఒక్కటే గింజ, ఏడాదిలో మూడో వంతు కింద. రోమన్ కవి ఓవిడ్ ఒకచోట ఏడు అంటాడు, ఇంకోచోట మూడు అంటాడు. నేను ఒక్కటే పెట్టా. నల్ల పేజీ, మధ్యలో ఒక అరచెయ్యి, అందులో గింజ. ఎరుపు పేస్టల్ అడుగున ముందే అంత మేరకే వేసి, పైన నలుపు పూసి, గింజంత గీకాను. పేజీ మొత్తానికి అదొక్కటే ఎరుపు.

రోజు 52

ప్రింట్ టెస్ట్. దగ్గర్లో ఒక ప్రింటింగ్ షాపులో రెండు పేజీలు వేయించా. నలుపు పాత గొడుగు రంగులో వచ్చింది, ఇటుకరంగు చప్పబడింది. తప్పు సగం నాదే, ఫైల్లో నలుపు ఒక్క నల్ల ఇంకుతోనే పెట్టా, అంత పెద్ద జాగాకి ఒక్క ఇంకు చాలదు, బూడిదలా కనపడుతుంది. సీఎంవైకేలో (నీలం, గులాబీ, పసుపు, నలుపు, ప్రింటింగ్ నాలుగు ఇంకుల శాతాలు) 60, 40, 40, 100 పెట్టి మళ్ళీ ఇచ్చా, ఈసారి నలుపు నలుపులా ఉంది. మిగతా సగం తప్పు వాళ్ళది, అడక్కుండా బ్రైట్‌నెస్ పెంచారు, "డల్‌గా ఉందని పెంచాం మేడమ్" అన్నాడు ఆ అబ్బాయి. చీకటి పాతాళం అండీ అది, డల్‌గానే ఉండాలి.

రోజు 55

ఆదివారం అక్క వాళ్ళొచ్చారు. పుట్టినరోజు దాకా దాచాలనుకున్నా గానీ ఆగలేక, కథ చెప్పకుండా, పేర్లున్న చోట కాగితం ముక్కలు అంటించి ఒక్క ఆవుల బొమ్మ చూపించా బుడ్డదానికి.

"ఆవులు ఎటు పోయాయో చెప్పు" అన్నా.

అది వెంటనే ముద్రల మీద వేలు పెట్టి, ఒక్కొక్కటీ తాకుతూ కుడివైపు మైదానం దాకా పోయింది. "ఇటు, పిన్నీ." తర్వాత తలెత్తి ఆవుల వైపు చూసింది. మళ్ళీ ముద్రలు చూసింది. బొమ్మ తిప్పి తలకిందులుగా పెట్టింది, మళ్ళీ మామూలుగా పెట్టింది.

"ఆవులిటున్నాయి, కాళ్ళటున్నాయి. నువ్వు తప్పు గీశావ్."

నేను నోరు మూసుకుని కూర్చున్నా, చాలా కష్టమైంది. అక్క ఏదో చెప్పబోతే కాలితో తన్నా. ఓ నిమిషం తర్వాత అది ఆ టోపీ పిల్లాడి కాళ్ళకి కట్టిన కొమ్మల దగ్గర వేలు ఆపింది. "వీడెందుకు చెట్టు కట్టుకున్నాడు?" అంది. ఇంకో అరనిమిషం. "వీడు దొంగా?!"

ఇంకా ఎనిమిది బొమ్మలున్నాయి, టైము నెల మీద ఐదు రోజులు. రేపటినుంచి హెఫైస్టస్. హోమర్ కావ్యం ఇలియడ్‌లో ఆయన కొలిమిలో ఇరవై తిత్తులు వాటంతటవే ఊదుతుంటాయి, అతిథి వచ్చిందని తెలిసి స్పాంజితో మొహం, చేతులు, మెడ, రోమాల ఛాతీ తుడుచుకుని కుంటుకుంటూ వస్తాడు. దాగలి దగ్గర నుంచి చూడాలి, పాలాయన్ని అడిగితే వాళ్ళ ఊళ్ళో ఒక కమ్మరి ఇంకా పని చేస్తున్నాడని చెప్పాడు. శనివారం రమ్మన్నాడు. ఆయిల్ పేస్టల్ ఇటుకరంగు అయిపోయింది, మూడు డబ్బాలు తెచ్చుకోవాలి.